ఫోనులో పోసిన నీళ్ళు

ఇది 2024లో, చలి వెనకపట్టు పట్టిన రోజుల్లో జరిగింది. మాది ఆమదాలవలస. బాలింతలకీ పసిపిల్లలకీ నీళ్ళు పోయడం నా పని. మా అత్త చేసేది, ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. చదువు మూడో తరగతితో ఆగిపోయింది కాబట్టి రాత నిదానంగా నడుస్తుంది. పనిలో మాత్రం నిదానం లేదు. ఊళ్ళో నన్ను నీళ్ళమామ్మ అంటారు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకోవాలి. నూనె రాసి, సెనగపిండితో మెత్తగా నలిచి, నీళ్ళు పోయాలి. నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి. పని చేసిన అరచేయి మొద్దుబారి ఉంటుంది, దాని మాట నమ్మకూడదు. ధారగా గుమ్మరించకూడదు, మన చేతి మీంచి జారి బిడ్డ మీద పడాలి. అలా పోస్తే నీళ్ళు కూడా తక్కువ పడతాయి. నీళ్ళు దుబారా చేసే ఇంటికి నేను రెండోసారి వెళ్ళను. బిడ్డ ఏడుస్తుంది. ఏడవనివ్వాలి. ఆ ఏడుపు వీధంతా వినబడితే, ఫలానా ఇంట్లో పిల్లకి నీళ్ళు పోస్తున్నారని అందరికీ తెలుస్తుంది. తర్వాత పొడిగుడ్డలో చుట్టి పడుకోబెడితే ఒకటే నిద్ర.

ఆ రోజుల్లో మా వీధి పార్వతి కాలికి కట్టుతో ఆటో దిగింది. దాని కూతురు సంధ్య పుట్టినప్పుడు నీళ్ళు పోసింది నేనే. సంధ్యని చీపురుపల్లి అబ్బాయి సతీష్‌కి ఇచ్చారు. అతను జపాన్‌లో కార్ల భాగాలు తయారు చేసే కంపెనీలో ఇంజినీరు. సంధ్యకి అక్కడే సిజేరియన్, అంటే కోత కాన్పు, అయి ఆడపిల్ల పుట్టింది. తోడుకి పార్వతి వెళ్ళవలసింది. సరిగ్గా ప్రయాణం ముందు పెరట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది.

"పిన్నీ, నువ్వే ఫోన్లో సూసి నీళ్ళు పోయించాల" అంది.

"ఫోన్లో నీళ్ళేటే? నీకు ఇరిగింది కాలా, బుర్రా?"

"నాను మాటాడితే అదీ ఏడుస్తాది, నానూ ఏడుస్తాను. నువ్వయితే తిడతావు. అది ఇంటాది."

నా గుణం దానికి బాగా తెలుసు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే పార్వతి ఇంట్లో కూర్చుని వీడియో కాల్ చేయించాను. మనకి తెల్లారేటప్పటికి అక్కడ పొద్దు బాగా ఎక్కి ఉంటుంది. సతీష్‌కి మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. సంధ్య జుట్టు దువ్వుకోలేదు. కళ్ళు లోపలికి పోయాయి.

"ఎలగున్నావే?"

"పర్వాలేదు మామ్మా."

"నిద్ర పడతన్నాదా?"

"పర్వాలేదు."

"పిల్లకి పాలు సాలతన్నాయా?"

"పర్వాలేదు మామ్మా."

"ఒలే, నాను అడిగినవి మూడు. నువ్వు సెప్పింది ఒకటే."

సతీష్ నవ్వాడు. "ఆ మాటని ఇక్కడ దైజోబు అంటారు మామ్మా. ఈ దేశమొచ్చిన కాడ్నించీ ఆ ఒక్క ముక్కతోనే నెట్టుకొస్తన్నాది."

సంధ్య నవ్వలేదు. పిల్లని చూపించమన్నాను. మెడ మడతల్లో పాలు చారికలు కట్టి, చర్మం ఎర్రగా కందింది. తడిగుడ్డతో తుడవడమే తప్ప ఒంటి మీద నీళ్ళు పడినట్టు లేదు. ఏమిటిదని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది.

"నీళ్ళు పోస్తే ఏడుస్తాది మామ్మా. ఇక్కడ గోడలు అట్టముక్కల్లాగుంటాయి. మేం సెంచా పడేస్తే కిందకి ఇనిపిస్తాది. కిందింట్లో ఒక ముసలావిడ ఒక్కర్తీ ఉంటాది. మొదట్లో ఓ రోజు పైకొచ్చి బెల్లు కొట్టింది."

"కొట్టి? తిట్టిందేటి?"

"లేదు. బిడ్డ దైజోబేనా అని అడిగింది. దైజోబే అని సెప్పి తలుపేసీసేను."

"బాగుందా అంటే బాగుందన్నావు. అయితే ఏటి?"

సతీష్ అందుకున్నాడు. "అలాక్కాదు మామ్మా. మా ఆఫీసులోవాళ్ళు సెప్పారు. ఇక్కడోళ్ళు మొకం మీద ఏటీ అనరు. బిడ్డ బాగుందా అని మెత్తగా అడిగితే, ఏడుపు ఆపండని అర్థమట."

"ఆ అర్థం ఎవుల్నడిగి తీసేవు బాబూ? ఆవిడ్నడిగేవా?"

అడగలేదట. ఆవిడ బెల్లు కొట్టిన రోజు నుంచీ సంధ్య పిల్ల నోరు తెరవకముందే ఎత్తుకుని తిరుగుతోంది. పడుకోబెడితే ఏడుస్తుందని తానూ పడుకోవడం లేదు. మెట్ల మీద ఆ ముసలావిడ కనబడితే ఇద్దరూ తప్పుకుని పోతున్నారు. చివరికి సంధ్య అసలు సంగతి బయటపెట్టింది.

"పాపకి పాస్‌పోర్టు రాగానే నానొచ్చేస్తాను మామ్మా. అక్కడైతే ఎంత ఏడిసినా ఎవులూ ఏటీ అనరు."

సతీష్ తల దించుకున్నాడు. అతని ఉద్యోగం అక్కడ. వీళ్ళు వచ్చేస్తే, బిడ్డ బోర్లాపడటం, పాకడం, నడవడం అన్నీ అతను ఫోనులోనే చూసుకోవాలి. నా పక్కన పార్వతి ముక్కు చీదడం మొదలుపెట్టింది. దాన్ని ఊరుకోమని, ముందు నీళ్ళ సంగతి చూద్దామన్నాను. సంధ్యకి కోత ఇంకా పచ్చిగా ఉంది, కింద కూర్చోలేదు.

"బాబూ, నువ్వు కూకో."

"నానా?"

"నీకు కాళ్ళు లేవేటి?"

కూర్చున్నాడు. పెట్టెలాంటి చిన్న స్నానాలగది. సంధ్య ఫోను గూట్లో నిలబెట్టింది, తలుపులోంచి ముందుగది కూడా కనబడుతోంది. ముక్కులో చెవుల్లో నూనె వద్దని అక్కడి నర్సు చెప్పిందట. మా డాక్టరమ్మ చెప్పేదీ అదే, నేనెప్పుడో మానేశాను. సతీష్ పట్టు బాగానే ఉంది. నీళ్ళు పడగానే పిల్ల కేర్‌మంది. సంధ్య తలుపు మూయబోయింది.

"మూయకు! గుంట ఏడవాల. ఏడవనీ."

ఈలోగా పార్వతి నా పక్కనుంచి "సాంబ్రాణి పొగెయ్యే" అంది. తాను సామాన్లలో పంపిన కప్పు సాంబ్రాణి సంధ్య వెలిగించింది. పొగ లేచిందో లేదో, ఇంటికప్పుకి ఉన్న తెల్లడబ్బా కూత పెట్టింది. దాన్ని స్మోక్ అలారం అంటారట, పొగ తగిలితే నిప్పంటుకుందని అరుస్తుంది. కూయడమే కాదు, ఆడగొంతుతో ఏదో మాట్లాడింది కూడా. "ఎవుల్రా ఆవిడ!" అన్నాను నేను. సతీష్ లేవబోయాడు. "నూనె పిల్లతో లేస్తావా? కూకో!" సంధ్య కుర్చీ లాగింది. "నువ్వెక్కకు!" ఇంతలో బెల్లు మోగింది.

సంధ్య తలుపు తీసింది. కిందింటి ముసలావిడ. నా వయసే ఉంటుంది, తెల్లజుట్టు, ముందర వంటగుడ్డ, మెట్లెక్కిన ఆయాసం. లోపలికొచ్చి పొగ చూసింది, పక్కనున్న చీపురుకర్ర తీసి పైకెత్తి డబ్బాని ఒక్క పోటు పొడిచింది. కూత ఆగింది. అప్పుడు సంధ్య వైపు తిరిగి ఒక్క మాట అడిగింది. నాకా భాష రాదు కానీ మాట తెలిసింది. దైజోబు?

సంధ్య నోరు తెరిచింది.

"సంధ్యా!" అని గూట్లోంచి అరిచాను. "ఆ మాటనకు. ఉన్నది సెప్పు."

సంధ్య ఆ భాషలోనే దైజోబు కాదని చెప్పింది. చెప్పి, గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అన్నాళ్ళూ బిడ్డని ఏడవనివ్వలేదు, తానూ ఏడవలేదు.

ముసలావిడ చీపురుకర్ర పక్కన పెట్టింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, రెండు చేతులూ రుద్ది వెచ్చచేసుకుని, అప్పుడు బిడ్డ దగ్గరికి వచ్చింది. అది చూశాక ఆవిడ మీద నాకిక అనుమానం లేదు. ఆవిడ మాట్లాడుతుంటే, ఈసారి సతీష్ అర్థం కానిచోట ఆవిణ్ణే మళ్ళీ మళ్ళీ అడిగి నాకు చెప్పాడు.

"మొదట్లో ఏడుపు ఇనిపించేదట మామ్మా. పైన బిడ్డున్నాదని సంతోషంగా ఉండేదట. తర్వాత బొత్తిగా ఆగిపోయిందట. బిడ్డకేటయిందోనని ఆవిడికి బెంగ. అడుగుదామంటే మేం తప్పించుకుంటన్నామని ఊరుకుందట."

"బాగుంది. నువ్వు తీసిన అర్థం ఒకటి, ఆవిడ మనసులో ఉన్నది ఒకటి."

పిల్ల ఇంకా చేతులు ఎగరేస్తూ ఏడుస్తూనే ఉంది. ఆవిడ పల్చటి గుడ్డ ఒకటి అడిగి, తడిపి, పిల్ల రొమ్ము మీద పరిచి, దాని మీద నీళ్ళు పోయమని సైగ చేసింది. పిల్ల చేతులు దిగాయి. గుడ్డ కొస గుప్పిట్లో పట్టుకుని ఊరుకుంది. ఒంటి మీద ఏమీ లేకపోతే పసిపిల్లలు ఉలిక్కిపడతారని నాకు తెలుసు. ఓ గుడ్డముక్కతో ఆ ఉలికిపాటు పోతుందని మాత్రం ఇన్నేళ్ళలో తోచలేదు. ఇంకోసారి చూపించమన్నాను. ఆవిడ ఫోను వైపు తిరిగి, నెమ్మదిగా, నాకోసం మళ్ళీ పరిచింది.

తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే ఫోను చేసేదాన్ని. క్రమంగా నాతో పని లేకపోయింది. స్నానం వేళకి ఆవిడ పైకి వస్తోంది, ఆవిడకి పిల్లనిచ్చి సంధ్య కాసేపు పడుకుంటోంది. పాస్‌పోర్టు వచ్చింది. దాన్ని బీరువాలో పెట్టేశానని సంధ్యే చెప్పింది. ఎలాగున్నావే అంటే, "ఇయ్యాల నడుం నొప్పి, నిన్న బానే ఉన్నాను" అంది. జవాబంటే అలా ఉండాలి.

ఇప్పుడు నా సంచిలో పాత పంచె చింపి కుట్టిన మెత్తటి గుడ్డలున్నాయి. ఊళ్ళో ఆడవాళ్ళు జపాన్ స్నానమని ఎగతాళి చేస్తారు, చేసుకోనీ. సాంబ్రాణి నేనే వద్దంటున్నాను. మొన్న రైల్వేస్టేషను పక్క వీధిలో ఒక కొత్త బాలింత, ఒంట్లో ఎలా ఉందే అంటే, తల దించుకుని "పర్వాలేదు మామ్మా" అంది. నీళ్ళు కాగి సిద్ధంగా ఉన్నాయి. అవి చల్లారి కట్టెలు దండగయితే అయ్యాయని చెంబు పక్కన పెట్టి, పీట ఆ బాలింత దగ్గరికి జరుపుకుని, మళ్ళీ అడిగాను.