తెల్ల సీసా

మా వీధి అచ్చు బ్లాకుల మేస్త్రి మొన్న ఆదివారం పోయాడు. చర్చి గంట కొట్టకముందే కబురొచ్చింది. ముత్తుకూరులో పాపాలకు మొఖాలు చెక్కిన మనిషి ఇక లేడు.

ఉపవాస కూటాలకు పంచే కరపత్రాల మీద బొమ్మలు ఆయనవే. చెక్క మీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి గరిటె వెనకవైపుతో రుద్దేవాడు. తాగుడు, జూదం, దురాశ, పక్కవాడి పెళ్లాం మీద చూపు. పుణ్యాల బొమ్మలూ చేశాడు పాపం. వాటిలో జనం పల్లీలు పొట్లం కట్టుకున్నారు. పాపాలను మాత్రం ఇంటికి తీసుకుపోయి దాచుకున్నారు. కరెంటు ఫ్యాక్టరీ వచ్చాక ఆరేసిన కాగితాల మీద బూడిద పడుతోందని తిట్టుకునేవాడు. అది వేరే కథ. బడికి సరిగా పోని నేను, బొమ్మను చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"కొమ్ములు పెడితే అది సైతానుదిలే అనుకుంటారబ్బయా. మనిషి మొఖం పెడితేనే తమదనుకుంటారు" అనేవాడు.

ఆ మాట నమ్మే, చాలాకాలం కిందట తాగుబోతు బొమ్మకు మా పేటలో వలలేసుకుని బతికే ఒకతని మొఖం పెట్టాడు. చుట్టూ నల్లటి రాత్రి, ఎత్తిన చేతిలో తెల్లగీత అంచున్న నల్ల సీసా. అచ్చం అతనే. వీధి పిల్లలు అతని ముందు చెయ్యెత్తి తూలుతూ నడవసాగారు. అతను కూటాలకు రావడం మానేశాడు, తాగడం పెంచాడు. ఆ ఏటి వానల్లోనే రొయ్యల గుంటలో శవమై తేలాడు.

తర్వాత అతని భార్య మేస్త్రి గడపలోకి వచ్చి నిలబడింది. తిట్టలేదు.

"ఆయనకు ఫోటో అంటూ లేదన్నా. ఉండేది నీ బొమ్మే. ఆ సీసా తీసేసి ఒకటి అచ్చేసియ్యి."

కొత్త చెక్క మీద చెక్కబోతే ఆ మొఖం మళ్లీ రాలేదు. చివరికి పాత చెక్క మీదే సీసాను తొలిచేశాడు. చెక్కలో ఉన్నది నల్లగా పడుతుంది, తొలిచింది తెల్లగా మిగులుతుంది. ఆయనకు తెలియక కాదు. నల్ల సీసా పోయి తెల్ల సీసా వచ్చింది. ఆమె దాన్నే కళ్లకద్దుకుని తీసుకుపోయింది.

అప్పటినుంచి ఏ పాపానికైనా ఆయన అద్దం ముందేసుకుని తన మొఖమే చెక్కాడు. జూదరీ ఆయనే, పిసినారీ ఆయనే. అద్దంలో తిరగబడ్డది అచ్చులో సరిపోయేది. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కూడా చోటు తప్పేది కాదు. పాస్టరుగారు చూపు పక్కకు తిప్పుకునేవారు.

ఆమె గడప మాత్రం ఆయన తొక్కలేదు. నేను ఆ వైపు నుంచి వస్తుంటే అడిగేవాడు, పొయ్యి పొగకు ఆ తెలుపు మాసిందా అని. ఎప్పటికైనా మాసిపోతుందని ఆయన ఆశ. వాకిట్లోనే మాట్లాడి వచ్చేవాణ్ణి, బొమ్మ నా కంట పడలేదు.

మోకాళ్ల నొప్పులతో ఆమె మేస్త్రి సమాధి దగ్గరికి రాలేకపోయింది. అన్నీ అయ్యాక నేనే వెళ్లాను. లోపలికి రమ్మంది.

"మేస్త్రన్న మంచి పని చేసిపెట్టినాడబ్బయా" అంది. "మా ఆయన మొఖం నాకు ఉంచినాడు."

బొమ్మకు ఏనాడో అద్దం కట్టించింది, పొగ తగలకుండా. మాట్లాడుతూనే కొంగుతో దాన్ని తుడిచింది. రోజూ తుడిచే చెయ్యి అది. లోపల నల్లటి రాత్రిలో ఆ మనిషి ఇంకా చెయ్యెత్తి ఉన్నాడు. చేతిలో సీసా తెల్లగా, నిన్న తొలిచినట్టు.