కొసరు నిమ్మకాయ

ఈ ఉదయం పప్పులోకి నిమ్మకాయ కోస్తుంటే వేలి మీది గీతలో పులుపు దిగి చురుక్కుమంది. ఆ వాసనకి సుగుణ ఆంటీ వచ్చి పక్కన నిలబడినట్టయింది. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా ఘనత చెప్పుకోవాలి. తొంభైల మొదట్లో, ఆస్ట్రేలియాలోని పెండిల్ హిల్‌లో నా అంత చిక్కటి టీ కాచే మగాడు లేడు. కడుపుతో ఉన్న నా భార్య లలిత చేత, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలను రోజూ ఆ టీతో మింగించిన భర్తను నేనే. మాత్ర వెగటు టీతో పోతుందని కనిపెట్టింది కూడా నేనే. నన్నెవరూ అడగలేదు.

తెనాలిలో కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. బస్తా మీద చెయ్యి వేసి చింతపండులో గింజ ఎంతుందో చెప్పగలను. స్టేషను దగ్గర నేను పెట్టిన చిన్న సరుకుల కొట్టుకి ఆంటీ ప్రతి శనివారం వచ్చేవారు. నర్సాపురం వైపు మనిషి. యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చెప్పేవారు, ఆదివారం చర్చిలో పాడేవారు, శనివారం నాతో బేరమాడేవారు. కందిపప్పు తూచాక కూడా సంచీ మూతి తెరిచి పట్టుకునే ఉండేవారు, కొసరు పడేదాకా.

“ఆస్ట్రేలియాలో కొసరు లేదాంటీ,” అనేవాణ్ణి.

“మనిద్దరం ఉన్నాంగా,” అనేవారు.

ఆ శీతాకాలం రెండో రక్తపరీక్షలో కూడా లలితకు హిమోగ్లోబిన్ పెరగలేదు. ఇలాగే ఉంటే కాన్పు నాటికి రక్తం ఎక్కించాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. లలిత మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేది. “బిడ్డకి సరిపోతుందంటారా?” అని అడిగేది. ఎంత బేరమైనా తెగ్గొట్టగల నేను, అప్పుడు టీ ఇంకాస్త చిక్కగా కాచేవాణ్ణి.

ఒక శనివారం కౌంటరు వెనక లలిత అన్నం తిని, మాత్ర నోట్లో వేసుకుని, నేనిచ్చిన గ్లాసు ఎత్తింది. ఆంటీ చూశారు.

“ఆగమ్మా. ఈ కాంబినేషన్ ఎవరిది? డాక్టర్ చెప్పాడా?”

“ఈయనే,” అంది లలిత.

“అనుకున్నా. ఏమయ్యా వాసూ, టీలో ఉండే టానిన్లు ఐరన్‌ని పట్టుకుంటాయి. పేగు దాటి రక్తంలోకి పోనివ్వవు. నువ్వు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటున్నావు.”

“అయితే టీ మానెయ్యాలా ఆంటీ?”

“మానక్కర్లేదు, దూరం పెట్టు. తిండికీ మాత్రకీ దగ్గర్లో వద్దు, గంటో రెండు గంటలో గ్యాప్ ఉంచు. పప్పులోకి నిమ్మకాయ పిండు. విటమిన్ సి తోడుంటే పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఈజీగా లోపలికెళ్తుంది. ఈ టీ సంగతి డాక్టర్‌కి చెప్పండి, దాచకండి.”

తర్వాత నన్ను అరల ముందు నిలబెట్టారు. బియ్యం, నూనె చూపించి ఇవి ఒంటికి శక్తి అన్నారు. పప్పులు చూపించి ఇవి కండ కట్టేవి అన్నారు. “ఇక విటమిన్లూ మినరల్సూ. తూకంలో చిటికెడు. నీ భాషలో కొసరు. బి విటమిన్లు లేకపోతే ఈ బియ్యం శక్తిగా మారదు. ఐరన్ లేకపోతే రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు.” కొసరంటే గిరాకీని మంచి చేసుకోవడానికి విదిల్చేదని నా నమ్మకం. ఒళ్ళు దాని మీదే నడుస్తుందంటే మింగుడుపడలేదు. మర్నాడు చర్చి నుంచి వస్తూ ఆంటీ తమ పెరటి చెట్టు నిమ్మకాయలు సంచీడు దింపి వెళ్ళారు.

తర్వాతి పరీక్షలో అంకె పెరిగింది. కాగితం చూసి లలిత ఏడ్చింది. నాలో వ్యాపారి లేచి కూర్చున్నాడు. ‘రక్తం పట్టించే నిమ్మకాయ, ప్రొఫెసరమ్మ చెప్పినది’ అని బోర్డు రాసి కౌంటరు మీద నిలబెట్టాను. శనివారం ఆంటీ దాన్ని చదివి, బోర్లా పడుకోబెట్టారు.

“రక్తం పెరిగింది, సరే. అందులో నిమ్మకాయ వాటా ఎంత?”

“మొత్తం దానిదే కదాంటీ.”

“డాక్టర్ డోసు మార్చాడు. టీ పక్కకి జరిగింది. లలిత ఆకుకూర తింటోంది. ఒక్క మనిషిని చూసి ఎవరి వాటా ఎంతో నేనే చెప్పలేను. తెలియంది తెలియదని చెప్పడానికే ఇన్నేళ్ళు చదివాను, నువ్వు నా పేరు పెట్టి అమ్ముతున్నావు.”

“కాస్త ఎక్కువ చెప్తే నాలుగు నిమ్మకాయలు తింటారు. నష్టమేముంది?”

“ఎవరో ఒకావిడ మాత్ర మానేసి నిమ్మకాయని నమ్ముకుంటుంది. అప్పుడు?”

బోర్డు మళ్ళీ నిలబెట్టలేదు. వసంతంలో, రక్తం ఎక్కించకుండానే లలితకు కాన్పయింది. ఆడపిల్ల. ఇప్పుడు నా తెలుగుకి ఇంగ్లీషులో జవాబిస్తూ, “నో టీ విత్ లంచ్, డాడ్,” అని నన్నే అదిలిస్తుంది. ఆంటీ పోయి చాలా కాలమైంది.

చివరి లెక్క చెప్పేస్తాను. మాత్ర వాటా, డాక్టరు వాటా, నిమ్మకాయ వాటా విడదీయడం నాకు ఈనాటికీ చేతకాదు. టీ వల్ల పోయింది ఎంతో కూడా తెలియదు, కాని ఆ వాటా మాత్రం పూర్తిగా నాదే. ఆంటీకి నేనిచ్చింది కందిపప్పు మీద కొసరు, అదీ సణుగుతూ. అందుకే ఇప్పుడు నా కొట్లో కందిపప్పు ఎవరు కొన్నా సంచీలో ఒక నిమ్మకాయ పడుతుంది. రక్తానికి మంచిదా అని అడిగితే, పప్పులోకి బాగుంటుంది, తోడుగా ఉంటే మంచిదే, మాత్ర మాత్రం మానకండి అంటాను. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ తూచను.