మ్యూజియం తలుపు మీద గీతలు

ఆ మ్యూజియం కాపలాదారుకి తోటివాళ్ళు పెట్టిన పేరు డేగ. మనిషికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్తుంటే గుమ్మంలో నిలబడి తన చెప్పులు ఉన్నాయో లేదో చూసుకునేవాడు. "మా అన్నయ్య మీ చెప్పులేసుకుని పారిపోతాడా?" అని భార్య దులిపేసేది. దానికి తోడు ఈమధ్య అతను కాపలా కాసే గదిలోంచే ఓ ఇత్తడి గంట మాయమైంది. ఇంకొక్కటి జరిగితే ఇంటికేనని అధికారి తేల్చి చెప్పాడు. అప్పటినుంచి డేగ జనం ముఖాలు మానేసి చేతులు చూడటం మొదలుపెట్టాడు.

గైడు అమ్మాయి వచ్చిన ప్రతి గుంపుకీ అదే పాఠం అప్పజెప్పేది. "మ్యూజియం అంటే గ్రీకు కథల్లో మ్యూజ్‌లు ఉండే చోటు. పాటకీ, నాట్యానికీ, చరిత్రకీ, అలా ఒక్కో విద్యకీ ఒక్కో దేవత. మొత్తం తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళు. వాళ్ళ తల్లి ఎవరో తెలుసా? జ్ఞాపకం."

"తొమ్మిదిమంది ఆడపిల్లల పుట్టింటికి కాపలా అన్నమాట," అనేవాడు డేగ. "ఇంక నాకు నిద్రెలా పడుతుంది?"

పాత ఇళ్ళ సామాన్ల గదిలో ద్వారబంధంతో సహా నిలబెట్టిన ఒక తలుపుంది. దాని దగ్గరికి ఓ నడివయసు ఆవిడ రోజూ వస్తోంది. భుజాన పెద్ద సంచీ. గుంపు వెళ్ళేదాకా ఆగి, ద్వారబంధానికి వీపు ఆనించి నిలబడుతుంది, తర్వాత వేలితో చెక్కని తడుముతుంది. కొలతలు తీసుకుంటోందా? డేగ వెళ్ళి చూస్తే ద్వారబంధం నిండా గీతలు. ఆవిడే గీకిందని అధికారి చెవిన వేశాడు. "రేపు వడ్రంగిని పంపిస్తా, గీకేసి పాలిష్ పెడతాడు. నువ్వు ఆవిణ్ణి పట్టుకో," అన్నాడు అధికారి.

మర్నాడు డేగ మాటువేసి పట్టుకున్నాడు. "ఏమ్మా, రోజూ ఇక్కడేం పని?"

ఆవిడ బెదిరిపోయింది. "ఇది మా పుట్టింటి తలుపు, బాబూ. ఇల్లు పడగొట్టేశారు. మా తమ్ముడు దీన్ని ఇక్కడ ఇచ్చాడు. మేమెంత ఎదిగామోనని నాన్న ఏటా గీతలు పెట్టేవాడు."

"అందరూ అలాగే చెప్తారు. ఋజువేది?"

"తమ్ముడివి ఒంటి గీతలు. నావి జంట గీతలు. నేను మునివేళ్ళ మీద లేచేదాన్ని. నాన్న కనిపెట్టి, నా భుజాలు నొక్కి, కింద మళ్ళీ గీసేవాడు."

డేగ వంగి చూశాడు. ఒక వరస ఒంటి గీతలు, పక్కన జంట గీతలు. అన్నీ దుమ్ము పట్టి నల్లబడ్డాయి. కొత్తది ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ ఆవిడ చేతుల్నే చూశాడు గానీ గీతల్ని సరిగా చూడనేలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అప్పటికే వడ్రంగి లోపలికొచ్చి, గరుకు కాగితం మడిచి ద్వారబంధం మీద పెట్టబోయాడు.

"ముట్టుకోవద్దు!" డేగ అరిచాడు.

వడ్రంగి ఆగిపోయాడు. అరుపు విని అధికారి పరుగున వచ్చాడు. "గీతలు కొత్తవని చెప్పింది నువ్వే కదయ్యా?"

"నేనే సార్. తప్పు చెప్పాను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి. దీన్ని మాత్రం గీకనివ్వను," అని ద్వారబంధానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఇందాక డేగ అరిచినప్పుడు ఆవిడ కూడా ద్వారబంధం మీంచి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, దూరంగా జరిగింది. డేగ అది చూశాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మిమ్మల్ని కాదమ్మా," అన్నాడు.