ఏడుపు సీన్ దగ్గర నవ్విన పిల్ల

తెర మీద గ్యాంగ్‌మన్ కూతురు వానలో ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తి "నాయినా" అని అరిచింది. అప్పుడే నా పక్క సీట్లో ఉన్న మా తొమ్మిదేళ్ల పాప గట్టిగా అంది: "ఏడ్వకే, పట్టాలు తుప్పు వడ్తయ్!"

మా వరుస మొత్తం ఘొల్లున నవ్వింది. వెనక కూర్చున్న కుర్రాళ్లు ఈల వేశారు. పాప కూడా నవ్వింది. అంతలో తెర మీద రైలు దీపం వెలిగి హాలంతా ఒక్కసారి తెల్లబడింది. పాప చెంపలు రెండూ తడిసి ఉన్నాయి. నవ్వుతూనే చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నా వైపు మాత్రం తిరగలేదు.

ఈ పిల్ల ఇక "నాకు భయమేస్తోంది" అని నాతో చెప్పదు అనుకున్నాను.

అలా ఎందుకనుకున్నానో చెప్పాలంటే మా ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. ఆయన రైల్వేలో పట్టాల మీద పనిచేస్తాడు. వానాకాలం వస్తే రాత్రి గస్తీ పడుతుంది. చేతిలో దీపం పట్టుకుని మైళ్ల కొద్దీ నడుస్తూ, ఎక్కడైనా మట్టి కొట్టుకుపోయిందా, పట్టా కింద కంకర జారిందా అని చూసుకుంటూ పోవాలి. గట్టి వానలో వెనక నుంచి వచ్చే రైలు చప్పుడు వినబడదట. ఈ సంగతి ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనతో పనిచేసే ఒకతను నాచారంలో మా ఇంటికి భోజనానికి వచ్చి, పాప పక్కన కూర్చుని వింటుండగానే చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన డ్యూటీకి బయల్దేరితే పాప తలుపు దగ్గర నిలబడి, "ఎన్ని గంటలకొస్తవ్ డాడీ?" అని అడిగేది. ఆయన ఏదో ఒక టైము చెప్పాలి. చెప్తే కానీ గడప దాటనిచ్చేది కాదు.

సరిగ్గా అదే ఉద్యోగం మీద సినిమా వచ్చింది. గస్తీకి వెళ్లిన తండ్రి తిరిగి రాడు. కూతురు ఎదురుచూస్తుంది. శుక్రవారం పొద్దున ఆట నడుస్తుండగానే ఎవరో హాల్లో ఆ ఏడుపు సీనును ఫోన్‌లో తీసి, వెనక జోకర్ మ్యూజిక్ కలిపి వదిలారు. సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలోకి వచ్చేసింది. సినిమా చూసింది ఎందరో తెలియదు కానీ నవ్వినవాళ్లకు లెక్కలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మామూలు రోజుల్లో నీళ్ల ట్యాంకరు, కరెంటు కోత, స్కూలు వ్యాను గొడవలే. శుక్రవారం నుంచి ఆదివారం దాకా మాత్రం సినిమాలు. అందులో నాకొక పేరుంది. ఏ సినిమాకు వెళ్లినా ఇంటర్వెల్‌లో రెండు ముక్కలు రాయాలి. దాన్ని "ఇంటర్వెల్ రిపోర్టు" అంటారు. అది చూసే మిగిలినవాళ్లు వెళ్లాలో మానాలో తేల్చుకుంటారు. నేను బీకాం చదివాను. పెళ్లికి ముందు రెండేళ్లు ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు ఇద్దరు పిల్లలతో ఇంట్లో ఉన్నాను. నా మాటకు నలుగురు నవ్వుతుంటే బాగుండేది. సినిమా బాగుందని రాస్తే ఎవరూ పలకరని, వెక్కిరిస్తే గ్రూపంతా లేచి కూర్చుంటుందని నాకు తొందరగానే తెలిసిపోయింది.

ఆ శుక్రవారం మూడో అంతస్తు అక్క ఆ క్లిప్పు పెట్టి, కింద నాకే రాసింది: "చెల్లె, మీ ఆయనది గీ కొలువే గదా. సూడకు, తట్టుకోలేవ్."

ఆమె జాలితోనే రాసింది. కానీ ఆ జాలి నాకు గుచ్చుకుంది. ఇరవై నాలుగు ఇళ్ల వాళ్లు మా ఆయన చావు గురించి ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటారని ఒళ్లు మండింది. వెంటనే కొట్టాను: "ఈ పోరి గింత ఏడిస్తే పట్టాలు తుప్పు వడ్తయ్ అక్కా. రేపు మా ఆయనకే డబుల్ డ్యూటీ."

నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. "నువ్వు మస్తున్నవ్ పో" అని ఒకామె. "నీ లెక్క రాసెటోళ్లు లేరు" అని ఇంకొకామె. శనివారానికల్లా కింద పార్కింగులో ఆడుకునే పిల్లల నోట్లోకి నా మాట వచ్చేసింది. నాకు సంతోషమే వేసింది. అదీ రాయాలి కదా.

ఆదివారం మ్యాట్నీకి నాలుగు ఇళ్లవాళ్లం పిల్లలతో కలిసి షేర్ ఆటోల్లో ఉప్పల్ వెళ్లాం. మా ఆయన రాత్రి డ్యూటీ ఉందని ఇంట్లో పడుకున్నాడు. నవ్వుకోవడానికే వెళ్లామని దారి పొడుగునా చెప్పుకున్నాం. ఆ సీను ఇంటర్వెల్‌కు ముందే వచ్చింది.

నేనూ ఏడ్చాను. మ్యూజిక్ మార్చకుండా, మధ్యలో కోయకుండా చూస్తే అది వేరే సీను. ఆ పిల్ల అరుపులో మా పాప గడప దగ్గర అడిగే గొంతే వినిపించింది. చున్నీ కొంగు కళ్లద్దాల కిందికి దూర్చి తుడుచుకున్నాను. లైట్లు వెలిగేసరికి ఫోను మోగింది. "రిపోర్టు ఏది?" నా వేళ్లు అలవాటుగా కదిలాయి: "ఏడుపు గోల. తలనొప్పి గోళీ ఎంట తెచ్చుకోన్రి."

తల ఎత్తితే పాప. ఒకసారి ఫోను వైపు, ఒకసారి నా ముఖం వైపు చూస్తోంది.

"మమ్మీ, నువ్వు ఏడ్చినవ్ గదా?"

"లే. ఏసీ గాలి కొట్టింది కండ్లల్ల."

"నాగ్గూడ ఏసీ గాలే," అంది.

రెండో సగమంతా అది తెర వైపు చూసింది తక్కువ. ఎవరైనా నవ్వితే నవ్వింది, నవ్వకపోతే వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చుంది. నాలుగేళ్ల క్రితం ఇదే పిల్ల సీటు మీద నిలబడి, తెర మీది కుక్కపిల్లను "ఇటు రా, ఇటు రా" అని పిలిచింది. వెనకవాళ్లు తిడితే కూర్చోబెట్టడానికి నాకు చెమటలు పట్టాయి.

సాయంత్రం పార్కింగులో పిల్లలు పాప చుట్టూ మూగారు. "సీన్ జేసి సూపియ్ వే" అన్నారు. అది రెండు చేతులూ చాచి, మెడ వంకర తిప్పి, ముక్కుతో "నాయినా... నాయినా..." అని సాగదీసింది. పిల్లలు పడి పడి నవ్వారు. సరిగ్గా అప్పుడే మా ఆయన సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు మీద ఆగాడు. ఆ సీను ఏమిటో ఆయనకు తెలుసు. డ్యూటీలో వాళ్ల ఫోన్లకూ వచ్చింది. ముఖంలో ఏదో వచ్చి పోయింది. మళ్లీ నవ్వేశాడు.

"మస్తు జేసినవ్ బిడ్డా. హీరోయిన్ అయితవ్," అని తల నిమిరి బండి తీశాడు.

ఎన్ని గంటలకు వస్తావని అడగకుండా పాప ఆయనను పంపడం అదే మొదటిసారి. ఆయన గేటు దగ్గర బండి ఒక నిమిషం ఆపి వెనక్కి చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి వాన మొదలైంది. అన్నం పెడితే పాప కెలుకుతోంది.

"ఎందుకే తింటలేవ్?"

"ఆకలైతలేదు."

ఐదేళ్ల మా బాబు నోట్లో ముద్దతోనే అన్నాడు, "అక్కకు భయమైతుంది మమ్మీ. డాడీ సచ్చిపోతడని. బాత్రూంల ఏడ్సింది."

పాప వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "నేనేం ఏడ్వలే! వీడే ఓవర్ జేస్తుండు!" వాడు ఏడుపు అందుకున్నాడు. వాడి ముఖంలో ముఖం పెట్టి, పార్కింగులో వాడిన ముక్కు గొంతుతోనే, "ఏడ్వకురా, పట్టాలు..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. కింది పెదవి వణికింది. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. నేను దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది.

"మమ్మీ, నేను ఏడిస్తే గ్రూపుల పెడ్తవా?"

పెట్టనని ఉత్తగా అనొచ్చు. దాని కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడానికి నాకు ఏ హక్కూ కనబడలేదు. అది లేచి చేయి కడుక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

పిల్లలు పడుకున్నాక గ్రూపు తెరిచాను. శుక్రవారం మాటను తీసేద్దామంటే అప్పటికే అందరూ చదివేశారు, పిల్లల నోళ్లలోకీ వెళ్లిపోయింది. కొత్తగా రాశాను: "నేను అబద్ధం రాసిన. సినిమా బాగుంది. నాకు ఏడుపు ఆగలే. పిల్లల ముందల ఆ మాట అనకున్రి." ఐదు నిమిషాలకు ఒక జవాబు వచ్చింది: "గీమె ఫోన్ ఎవరో కొట్టేసినట్టున్నరు." దాని కింద నవ్వు బొమ్మలు. తర్వాత ఒకామె రేపు ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగింది. అక్కడితో అయిపోయింది.

కిటికీ రేకు మీద వాన అలాగే పడుతోంది. మౌలాలి స్టేషను వైపు నుంచి రైలు కూత వినబడినప్పుడల్లా లేచి కూర్చున్నాను. పాప మంచం కూడా ప్రతిసారీ కిర్రుమంది. ఇద్దరం మేలుకునే ఉన్నాం, ఒకే గదిలో. పిలిస్తే పలుకుతుందో లేదోనన్న భయంతో నేను పిలవలేదు.

ఆయన ఆరున్నరకు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. స్నానం చేసి, చాయ్ కూడా తాగకుండా పడుకున్నాడు. పాప తలుపు సందులోంచి ఆయన కాళ్లు చూసి వచ్చి, చప్పుడు చేయకుండా జడ వేయించుకోవడానికి నా ముందు కూర్చుంది. బాబు షూ వేసుకుంటున్నాడు. ఇంకో పావుగంటలో వ్యాను వస్తుంది. జడ అల్లుతూ, పాప ముఖం నాకు కనబడకుండానే, ఇద్దరికీ చెప్పాను:

"సూడున్రి, ఆ మాట రాసింది నేనే. పక్కోళ్లు నవ్వాలని రాసిన. సినిమాల నేను ఏడ్చిన, మీరు సూడొద్దని దాసుకున్న. డాడీ రాత్రి డ్యూటీకి వోతే నాగ్గూడ భయమే, మీకంటె ఎక్కువనే. ఏం గాదని నేను చెప్పలేను, నాకు తెల్వదు. గానీ మీకు భయమైతే నాకు జెప్పున్రి. నేను నవ్వ. ఎవ్వరికి జెప్ప."