రెండో ‘ఆ’

మహిపాల్ నారాయణఖేడ్‌లో ఇంటి మేడ మీదే కూర్చుని కంప్యూటర్ చిప్పులకు డిజైన్లు రాస్తాడు. చిప్పు లోపల ఒక గడియారం కింద నడిచే సిగ్నల్ ఇంకో గడియారం కిందికి దాటితే మొదటి టిక్కుకే నమ్మడు, రెండో టిక్కు దాకా ఆగుతాడు. భార్య చందనా అంతే. అన్నానికి పిలిస్తే అతననే మొదటి ‘ఆ’ను లెక్కచేయదు. మళ్లీ పిలిచి, రెండో ‘ఆ’ విన్నాకే కంచం పెడుతుంది.

ఈ పొద్దున రెండు గడియారాల నడుమ సిగ్నల్ పోయే ఒక దారి, తప్పుందని టైమింగ్ రిపోర్టులో ఎర్రగా వచ్చింది. విసుగొచ్చి, దాన్ని సరిచేయకుండానే, ఈ దారిని చూడొద్దని సాఫ్ట్‌వేర్‌కు ఒక లైను రాసి పడేశాడు. ఎరుపు పోయింది.

“అత్తమ్మకు ఆయాసమొస్తుంది. దవాఖానకు పోవాలె, జల్దీ దిగుతవా?” కింది నుంచి చందన కేకేసింది.

“ఆ.”

రెండో పిలుపు కోసం ఆగాడు. అది రాలేదు. ఇంటి ముందు నుంచి వాళ్లిద్దరితో ఆటో కదిలి, చప్పుడు వీధి మలుపు దాటిపోయింది. తెర మీద ఎక్కడా ఎరుపు లేదు.