ఒక మేకు, ఇద్దరు ఆటగాళ్లు

నిన్న సాయంత్రం మా మనవడూ, వాడి స్నేహితుడూ వసారాలో కూర్చుని కొట్టుకున్నంత పని చేశారు. పరదేశంలో బాస్కెట్‌బాల్ ఆడే మహానుభావుడెవరో ఆట మానేస్తున్నాడట. ఇదివరకటి వాళ్లందరిలో అతడు మొదటివాడా మూడోవాడా అన్నది వీళ్ల తగువు. స్నేహితుడు అలిగి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ కాఫీ చల్లారిపోయిందని వాళ్లిద్దరినీ తిడుతుంటే నాకు నవ్వు రాలేదు. ఇలాంటి తగువులోనే, దాదాపు అరవై ఏళ్ల కిందట, నేను మా అక్క మొగుడితో మాటలు మానేశాను.

అప్పుడు నేను గుంతకల్లులో బుకింగ్ గుమాస్తాను. ఆ ఊరి రైల్వే కాలనీ, ఇన్‌స్టిట్యూట్ హాలు, దాని వెనక ఎర్రమట్టి బాస్కెట్‌బాల్ కోర్టు మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. గాలి లేస్తే బంతి కనిపించేది కాదు, అందుకని ఆటకు ముందు నీళ్లు చల్లి దుమ్ము అణచవలసి వచ్చేది. హాల్లో క్యారమ్ బల్లకు పైన ఒకే ఒక మేకు, దానికి ఒకే ఒక ఆటగాడి ఫోటో. అది మా బావది. నేను బడిలో చదువుకునే రోజుల్లో ఆయన ఆట ఒక్కటి కూడా చూడకుండా వదిలిపెట్టలేదు. మా అక్కను ఆయనకిచ్చినప్పుడు మా నాయన కన్నా నేనే ఎక్కువ మురిసిపోయాను. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే మోకాలు పట్టేసి ఆయన ఆట మానుకున్నాడు.

ఆయన స్థానంలోకి వజ్రకరూరు పక్క పల్లెకు చెందిన ఒక ఫిట్టరు వచ్చాడు. ఏడాది తిరక్కుండానే జనం బావను మరిచిపోయి వాణ్ణి వజ్రకరూరు వజ్రం అనడం మొదలుపెట్టారు. నేను గులకరాయి అనేవాణ్ణి. వాణ్ణి చూస్తేనే నాకు ఒళ్లు మండేది. దానికి తోడు, తాగే నీళ్లకే బిందెలు వరస కట్టే ఆ కరువు రోజుల్లో, ఇంజన్లకు నీళ్లు పట్టే చోట కారిపోయే నీళ్లను మా బావ బకెట్లలో పట్టి, కుంటుకుంటూ తెచ్చి, వాడు ఆడే కోర్టు మీద చల్లేవాడు. అది చూడలేక, వాడి ఆట ఉన్నప్పుడల్లా నేను తోటి గుమాస్తాను బతిమాలి సాయంత్రం డ్యూటీ వేయించుకునేవాణ్ణి.

ఏడేళ్లు ఆడి వాడూ మానుకుంటానన్నాడు. ఆ మేకుకు ఇకమీదట ఎవరి ఫోటో ఉండాలో చివరి ఆటకు ముందురోజే హాల్లో తేల్చాలన్నారు. ఇంకో మేకు కొట్టుకుంటే పోదా అని ఎవరో పెద్దమనిషి అంటే, అది తేల్చకుండా తప్పించుకోవడమేనని రెండు పక్షాలూ ఏకమై ఆయన మీద పడ్డాయి. నెల రోజులు కాలనీ నిలువునా చీలింది. లోకో షెడ్డు వాళ్లు ఒకవైపు, స్టేషన్ వాళ్లు ఒకవైపు. క్యాంటీన్‌లో బల్లలు వేరయ్యాయి. పాపం, ఒక గార్డు గృహప్రవేశానికి సగం కాలనీ పోలేదు.

ఆ రోజు హాల్లో నేను లేచి వాణ్ణి ఉతికి ఆరేశాను. పొడుగు తప్ప ఏమీ లేదన్నాను, ఎడమచెయ్యి ఆడదన్నాను, తోటివాళ్లకు బంతి ఇవ్వడన్నాను, మా బావ కాలి గోటికి కూడా సరిపోడన్నాను. వాడు గోడకు ఆనుకుని అక్కడే నిలబడి అంతా విని, "కానీలే అన్నా, ఇంకేమన్నా ఉంటే అదీ చెప్పు" అన్నాడు. అప్పుడు ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు మా బావ అభిప్రాయం అడిగాడు. బావ మెల్లగా లేచి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నా ఆట చూసినావు, సరే. వాని ఆట ఒక్క దినమన్నా చూసినావా?"

హాలంతా నన్నే చూసింది. నా సాయంత్రం డ్యూటీల సంగతి అక్కడ తెలియనివాడు లేడు.

"నేను దినామూ చూసినా. వాని ఎడమచెయ్యి నా కుడిచెయ్యి కన్నా మేలు" అని, తన ఫోటో తనే దించి, తువ్వాలుతో దుమ్ము తుడిచి, చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

నాకు సిగ్గు వేయలేదు, కోపం వచ్చింది. పరాయివాడి ముందు నన్ను చులకన చేశాడన్న కోపం. మరునాడు చివరి ఆటకన్నా వచ్చి చూడమని అక్కతో కబురు పంపాడు. పోలేదు. టికెట్ల కిటికీ దగ్గరే కూర్చున్నాను. కోర్టు నుంచి అరుపులు స్టేషన్ దాకా వినిపించాయి. ఒకసారి ఎంత పెద్దగా అరిచారంటే, ఆదోనికి టికెట్ అడుగుతున్న మనిషి ఆగిపోయి ఏమైందని అడిగాడు. నాకు తెలియదన్నాను.

బావతో నాలుగేళ్లు మాట్లాడలేదు. తర్వాత కలిసిపోయాం గాని, ఆ అరుపు దేనికని ఆయన పోయేదాకా నేను అడగలేదు. అడగడానికి ఇప్పుడు ఆ ఆట చూసినవాళ్లెవరూ మిగల్లేదు.

మా మనవడు ఆ పరదేశపు ఆటగాడి ఇరవై ఏళ్ల ఆటనూ ఫోన్‌లో నాకు చూపిస్తాడు, ఆపి, వెనక్కి తిప్పి మరీ. మొండితనంతో చూడకుండా వదిలేసింది కూడా వీళ్లకు మళ్లీ దొరుకుతుంది. మన కాలంలో ఆట ఆ సాయంత్రంతో సరి. నిన్న ఇదంతా విని వాడు, ఇంతకీ మీ గుంతకల్లులో ఎవరు గొప్ప తాతా అని అడిగాడు. మా బావేనని ఠక్కున చెప్పబోయి ఆగాను.

"నేను ఒకరి ఆటే చూసినానురా" అన్నాను.