ఉపగ్రహానికి దొరికిపోయిన మా పెరటి గోడ

ముప్ఫై ఆరేళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. అందులో మడతపెట్టి, ఆ మడతకు గుండుసూది గుచ్చి దాచిన పేజీ ఒకటే ఉంది. నాకు కడుపులో పుండు వచ్చిన సంగతి దాచలేదు. పెద్దబావతో మూడేళ్లు మాట్లాడని సంగతీ దాచలేదు. ఆ ఒక్క సోమవారాన్ని మాత్రం దాచాను. ఈరోజు ఆ గుండుసూది తీస్తున్నాను. పాఠం చెబుదామని నిలబడి, మండల విద్యాధికారి ఎదుట, ఊరి పెద్దమనిషి ఎదుట, తొమ్మిదో తరగతి పిల్లలందరి ఎదుట నా పరువును నేనే ప్రొజెక్టరు పెట్టి గోడంత పెద్దది చేసి చూపించుకున్న రోజది. మీరు నిరభ్యంతరంగా నవ్వండి. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత ఊపిరాడేది.

తెలంగాణ వచ్చి మూడు నాలుగేళ్లయిన రోజులు. చౌటుప్పల్‌కు కొంత దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలులో నేను సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ని. తోటి ఉపాధ్యాయులంతా పొద్దున హైదరాబాదు బస్సు దిగి సాయంత్రం హైదరాబాదు బస్సు ఎక్కేవారు. నేనొక్కణ్నే బడికి తూర్పున ఆరు గుంటల ప్లాటు కొని, ఇల్లు కట్టుకుని, ఊళ్లోనే ఉండేవాణ్ని. ఈ సంగతి రోజుకొకసారైనా ఎవరో ఒకరికి చెప్పేవాణ్నని నా భార్య సుగుణ ఇప్పటికీ అంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ కొలతను కూడా నేను నమ్మలేదు. టేపు పట్టుకుని స్వయంగా మూడుసార్లు కొలిచి, మూడు కొలతలనూ డైరీకి ఎక్కించాకే పునాది తీయించాను. బడికి ఆ వైపు ప్రహరీ లేదు. మా పెరటి గోడే ప్రహరీగా నిలిచింది. ఆ విధంగా ప్రభుత్వానికి ఒక గోడ ఖర్చు మిగిల్చానని నాకు లోలోపల కొంత గర్వం.

ఆ ఏడు మండలంలో ఒకే ఒక్క బడికి పెద్ద తెర, కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇస్తారని కబురొచ్చింది. మండల విద్యాధికారి, అంటే ఎంఇఒ గారు, ఒక్కో బడికి వచ్చి, ఆన్‌లైన్ వనరులతో చెప్పే ఒక పాఠం చూసి, తనకు నచ్చిన బడి పేరు పైకి పంపాలి. మా బడి తరఫున ఎవరు చెప్పాలి అన్న ప్రశ్నే రాలేదు. నల్గొండలో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, అందరూ ఫోన్లు చూసుకుంటుంటే రెండు వందల పేజీల నోటుబుక్కు నింపుకుని వచ్చినవాణ్ని నేనే కదా. ఉపగ్రహ పటంలో ఊరిని వెతకడం, దూరాలు, వైశాల్యాలు కొలవడం, అదే చోటు కొన్నేళ్ల కింద ఎలా ఉండేదో పాత ఫొటోల్లో చూడడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పాత ఫొటోల సంగతి దగ్గర నేను ఎర్రసిరాతో రెండు గీతలు కూడా గీసుకున్నాను.

పటాల పాఠం ఎంచుకున్నాను. పుస్తకంలోని పటంలో పిల్లలకు తమ ఊరు కనిపించదు. నేను వాళ్ల ఇంటి కప్పునే చూపిస్తాను. నిమిషాల లెక్కతో పద్నాలుగు పేజీల ప్రణాళిక రాశాను. మా ప్రధానోపాధ్యాయురాలు సుజాత మేడం అది చూసి, ఒకసారి మొత్తం చేసి చూసుకుంటే మంచిదేమో అన్నారు. రిహార్సల్ నాటకాలకు కావాలి, పాఠానికి ప్రణాళిక చాలు అని నేను గంభీరంగా చెప్పాను. అసలు కారణం వేరు. ఇంటర్నెట్ నా ఫోను నుంచే రావాలి, రిహార్సల్ చేస్తే డేటా అయిపోతుందని నా భయం.

సోమవారం పదకొండు గంటలకు ఎంఇఒ గారు వచ్చారు. ఆయన పక్క కుర్చీలో పాఠశాల కమిటీ చైర్మన్ యాదగిరి. బడికి పడమటి పక్కన అతనిదే కోళ్ల ఫారం. అతను ఫారం కంచెను ఏడాదికి ఒక అడుగు చొప్పున బడిలోకి జరుపుతున్నాడని ఊళ్లో గుసగుస. ఆ గుసగుసను నేను కూడా నమ్మేవాణ్ని, డైరీలో రెండుసార్లు రాశాను కూడా. అరువు తెచ్చిన ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్ పెట్టి, గోడకు సుగుణ ఇచ్చిన దుప్పటి కట్టాం. గదిలో కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ అందదు కాబట్టి ఫోను కిటికీలో పెట్టాను.

మొదటి పదిహేను నిమిషాలు అద్భుతంగా జరిగాయి. దుప్పటి మీద మా ఊరు పరుచుకోగానే పిల్లలు బెంచీల మీద నుంచి లేచి నిలబడ్డారు. ఎవరి ఇల్లు వారు వెతుక్కున్నారు. ఎంఇఒ గారు కూడా కళ్లద్దాలు సవరించుకుని తాను వచ్చిన బాటను వేలితో గీసి చూపించారు. యాదగిరి తన ఫారం రేకులు మెరవడం చూసి మురిసిపోయి, మీది నుంచి చూస్తే పట్నంల ఫంక్షన్ హాల్ లెక్కనే ఉన్నదని అన్నాడు. పెద్ద తెర మా బడికి వచ్చేసినట్టే అనుకున్నాను. మనిషికి అలా అనిపించిన నిమిషం నుంచే జాగ్రత్తగా ఉండాలి.

"దీనితో జాగా కొలవచ్చా సార్?" అన్నారు ఎంఇఒ గారు.

"గజం తేడా రాదు సార్," అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, ఆ ఉపగ్రహాన్ని ఎగరేసింది నేనే అన్నంత ధీమాగా.

"అయితే బడి జాగా కొలిపించండి. రికార్డుల రెండెకరాలున్నది."

తరగతిలో అందరికన్నా చురుకైన పిల్ల శిరీషను పిలిచాను. ఆమె బడి జాగా నాలుగు మూలల మీద నొక్కుతూ వచ్చింది. తూర్పున మా గోడ దాకా, పడమర యాదగిరి కంచె దాకా. తెర మీద అంకె వచ్చింది. ఒకటి పాయింటు తొంభై అయిదు ఎకరాలు. ఆమె అడగకముందే బోర్డు మీద ఎకరాకు నలభై చొప్పున గుణించి, గుంటల్లోకి మార్చింది.

"ఒక ఎకరా ముప్ఫై ఎనిమిది గుంటలు సార్. రెండు గుంటలు తక్కువున్నది."

ఎంఇఒ గారి పెన్ను కాగితం మీద ఆగింది. పిల్లలు ఒక్కొక్కరుగా తలలు తిప్పి యాదగిరి వైపు చూశారు. సుజాత మేడం నా వైపు చూశారు. నాకు మాత్రం పెద్ద తెర పొలిమేర దాటి పక్క ఊరి బడికి వెళ్లిపోతున్నట్టు కనిపించింది. దాన్ని ఆపడానికి ముప్ఫై ఏళ్ల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడినైన నేను ఏం చెప్పానో వినండి.

"భూమి గుండ్రంగా ఉంటుంది కదా సార్. పై నుంచి చూస్తే కొంచెం ముడుచుకున్నట్టు కనబడుతుంది."

శిరీష అమాయకంగా అడిగింది. "సార్, మరి ఊరంత ముడుచుకోవాలె గద. మన బడి ఒక్కటే ఎందుకు ముడుచుకున్నది?"

ఎంఇఒ గారు పెన్ను మూత పెట్టారు. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"రెండిట్ల ఒకటి చెప్పండి సార్. ఇది తప్పు కొలుస్తదా, లేకుంటే జాగా పోయిందా? తప్పు కొలిస్తే, పిల్లలకు తప్పు చూపించెటందుకు మీకు గంత సామాను ఎందుకు? జాగా పోయి ఉంటే, తగాదా ఉన్న బడి పేరు నేను రాయలేను."

యాదగిరి కండువా భుజం మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ముఖం ఇటుకరాయి రంగుకు తిరిగింది. "అందరు నా దిక్కే ఎందుకు చూస్తున్నరు? సారూ, పాఠం వినుమని పిలిచిండ్రా, బద్నాం చేసెటందుకే పిలిచిండ్రా?"

అతను లేచి వెళ్లిపోతే పేరు పంపే కాగితం మీద కమిటీ సంతకం ఉండదు. సంతకం లేకుంటే ఏదీ లేదు. ఎటు చూసినా గొయ్యే. అప్పుడు నా బుర్రలో ఆ ఎర్రసిరా గీతలు వెలిగాయి. పాత ఫొటోలు చూస్తే కొలిచే పరికరం నిజాయితీ నిలబడుతుంది. జాగా ఎవరు తిన్నారో తేలుతుంది. ఎవరు తిన్నారో నాకు తెలుసు కదా. తిన్నవాడు తలవంచుకుని కంచె వెనక్కి జరుపుకుంటాడు, తగాదా తీరుతుంది, తెర వస్తుంది. ఇంత చక్కని ఆలోచన నాకు జీవితంలో మళ్లీ రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

"ఫికర్ చేయకు యాదగిరీ. కూర్చో. పాత ఫొటోలు చూద్దాం. అవి ఎవరి పక్షమూ వహించవు," అన్నాను, న్యాయమూర్తి గొంతుతో.

శిరీష ఏళ్లను వెనక్కి జరిపింది. సిగ్నల్ బలహీనం కాబట్టి ఫొటో ఒకేసారి రాలేదు. మసక మసకగా, గడులు గడులుగా, పడమర నుంచి తూర్పుకు తేరుకుంటూ వచ్చింది. ముందుగా ఫారం వైపు గడి తేరుకుంది. ఫారం లేదు, ఖాళీ జాగా. కానీ కంచె ఉన్న చోటే అప్పుడూ పాత రాళ్ల కట్ట ఉంది. ఒక్క అడుగు కూడా జరగలేదు. యాదగిరి ఎంత పొడవైన ఊపిరి వదిలాడంటే దుప్పటి కదిలింది. అతను కండువా మళ్లీ భుజాన వేసుకుని, తరగతిలో ప్రతి ముఖాన్నీ ఒకసారి తిరిగి చూశాడు. నా ముఖం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

ఆ క్షణంలో నాకు లెక్క తట్టింది. పడమర పోలేదు. ఉత్తరాన రోడ్డు, దక్షిణాన బడి గదులు. ఇక మిగిలింది ఒక్క దిక్కే. ఆ దిక్కు గడులు ఇంకా మసకగానే ఉన్నాయి.

ఎండ పడి ఫోను వేడెక్కుతుందేమో అని గొణుగుతూ కిటికీ వైపు నడిచాను. నా ఉద్దేశం మీకు అర్థమైంది కదా. ఒక్కసారి వేలు తగిలితే చాలు, ఇంటర్నెట్ పోతుంది. నేను చేరేలోపే సుజాత మేడం ఫోను తీసుకుని కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాచి పట్టుకున్నారు. "మీరు పాఠం చూసుకోండి సార్. గిట్ల పట్టుకుంటే సిగ్నల్ మస్తుగ వస్తున్నది," అన్నారు. అంత సహాయం ఆమె నాకు అంతకుముందు ఎన్నడూ చేయలేదు.

తూర్పు గడి తేరుకుంది. మా ఇల్లు లేదు. మా గోడ లేదు. మైదానం సాఫీగా సాగిపోయి, ఇప్పటి మా పెరడు మధ్యదాకా వెళ్లి, సర్కారు తుమ్మల వరుస దగ్గర ఆగింది. శిరీష కొత్త ఫొటో తెచ్చింది, మళ్లీ పాతది తెచ్చింది. గోడ వచ్చింది, పోయింది. వచ్చింది, పోయింది.

"సార్," అంది ఆమె చాలా మెల్లగా, "గా తుమ్మలున్న జాగల ఇప్పుడు మీ మునగచెట్టున్నది."

ఎంఇఒ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఇల్లు కట్టేటప్పుడు కొలిపించలేదా అని అడిగారు. నేనే కొలిచానన్నాను, మూడుసార్లు. సంచిలో నుంచి ఆ ఏటి డైరీ తీసి చూపించాను కూడా. పాఠానికి పనికొస్తుందేమో అని పాత డైరీలు తెచ్చుకున్నాను, చూశారా నా ముందుచూపు. అరవై ఆరు అడుగులు, తొంభై తొమ్మిది అడుగులు, అంగుళం తేడా లేదు.

"ఎక్కడికెళ్లి కొలిచిండ్రు సారూ?" అన్నాడు యాదగిరి.

"హద్దు రాయి నుంచి. మైదానం చివర సున్నం పూసిన రాయి ఉండేది కదా."

యాదగిరి గొంతులో ఇప్పుడు కోపం లేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"గది హద్దు రాయి కాదు సారూ. మేం చదివేటప్పుడు డ్రిల్లు సారు పాతిన రాయి. పరుగుపందెం గా రాయి కాడ అయిపోయేది. ఆయన ఆడ నిలబడి విజిలేసేటోడు. రాయి దాటినంక ఉరుకుడు ఆపెటందుకు గా ఇరవై రెండడుగులు ఇడిచిపెట్టిండు. మీ గోడ లేచినంక మన పిల్లలు రాయి రాకముందే బ్రేకులేస్తున్నరు. మండలం పోటీలల్ల గందుకే ఎనుకవడుతున్నరు."

వెనక బెంచీలో పొడుగ్గా ఉండే ఒక పిల్లవాడు గట్టిగా తల ఊపాడు. అతని మోచేతి మీది మచ్చ మా గోడదేనని తర్వాత తెలిసింది.

ఎంఇఒ గారు ఒకే ఒక్క మాట అడిగారు. "గోడ ఎప్పుడు తీస్తరు?"

"ఆదివారం సార్."

"అయితే పేరు సోమవారం రాస్త."

ఇంటికి వెళ్లి సంగతి చెబితే సుగుణ బియ్యం ఏరడం ఆపలేదు. "ముప్ఫై ఏండ్లు పిల్లలకు దేశాల సరిహద్దులు చెప్పిండ్రు," అంది, అంతే. ఆదివారం యాదగిరి తన ట్రాక్టరు, ఇద్దరు మనుషులతో వచ్చాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. గోడ పడ్డాక కొత్త హద్దు కొలవడానికి నేను టేపు తీస్తే మాత్రం చెయ్యి చాచి, "అది నాకియ్యిండ్రి సారూ," అన్నాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. నేను తప్పు రాయి నుంచి కొలిచి పడమరకు జరిగానంటే, తూర్పున నా సొంత ఇరవై రెండడుగులు వదిలేశానన్నమాట కదా. వెళ్లి చూస్తే అక్కడ పంచాయతీ సీసీ రోడ్డు వేసి, పక్కన మురికికాలువ కూడా కట్టింది. ఆ రోడ్డు వేయమని అర్జీ రాసిపెట్టింది ఎవరో మీరు అడగకండి. నా దస్తూరీ ఊరందరికీ తెలుసు.

ఎంఇఒ గారు మాట నిలుపుకున్నారు. తెర వచ్చింది. ప్రారంభం రోజు యాదగిరి మైకు పట్టుకుని, మన సారు బడి మీది ప్రేమతో రెండు గుంటల భూమి దానం చేసిండని ప్రకటించి, నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను అతని చెవి దగ్గర, ఇది అబద్ధం, నేను ఒప్పుకోను అన్నాను.

"ఊకోండ్రి సారూ," అన్నాడు నవ్వుముఖం చెడకుండా. "బడి సారే బడి జాగా కబ్జా వెట్టిండంటే ఊరికే ఇజ్జత్ తక్కువ. దానమిచ్చిండంటే మీకు ఇజ్జత్, మాకు ఇజ్జత్. శాలువా సరిగ పట్టుకోండ్రి, ఫొటో తీస్తున్నరు."

వాళ్లు దాతల బోర్డు మీద నా పేరు నీలిరంగుతో రాయించారు. బడి జాగాను బడికే దానమిచ్చిన మనిషి నేను తప్ప ఇంకొకరు ఉన్నట్టు నా ఎరుకలో లేదు.

కనుక నా డైరీలన్నింటి సాక్షిగా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతం లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. రిటైరయినా అప్పుడప్పుడు బడివాళ్లు వచ్చి ఆ పెద్ద తెర మీద ఒక పాఠం చెప్పమంటారు. తప్పకుండా వెళ్తాను. పటాలు చెప్పమంటే అవీ చెబుతాను. పిల్లలు ఎంత బతిమాలినా, ఎంఇఒలు ఎందరు వచ్చి కూర్చున్నా, ఆఫ్రికా ఖండం దాటి ఇటు రాను. అక్కడ నాకు ప్లాటు లేదు.